ఒక్క కాలితో తోలే గుంటక

ఇల్లినాయ్,
1913 మే నెలాఖరు

ప్రియమైన అమ్మకు,

నీ లిదా ముద్దులతో రాయునది. నేనిక్కడ కులాసా. జలుబు కూడా తగ్గింది. నెబ్రాస్కాలో మన ఇంట నువ్వు, మన గుర్రాలు బ్రూనా, లిస్కా, ఆ పొగరుమోతు కోడిపుంజు, అందరూ బాగున్నారనీ, నీ మోకాలి వాపు కాస్తయినా తీసిందనీ తలుస్తున్నాను. ఈ ఉత్తరం నీకు చదివి వినిపిస్తున్న రోజాలీ పిన్నికి నమస్కారాలు. పిన్నీ, కిందటిసారిలా నీకు నచ్చని చోట్లు దాటేసి చదవకు. నేను డాన్సుకు వెళ్ళానని రాసిన ముక్క నువ్వు అమ్మకు చదవలేదు. అమ్మ చెప్పగా నువ్వు రాసిన జవాబులో ఒక్క తిట్టు కూడా లేకపోవడంతో నాకు తెలిసిపోయింది.

తిండి సంగతి అడిగావు. నేనుండే ఇంటావిడ పెట్టే రొట్టె తెల్లగా, దూదిలా ఉంటుంది. నమలడానికి ఏమీ దొరకదు. నువ్వు పంపిన గసగసాల కొలాచీ బన్నులు ఆఫీసుకు పట్టుకెళ్తే పక్క బల్ల అమ్మాయి మధ్యలోని నల్లటి ముద్దను చూసి, "ఇది బండి ఇరుసుకు రాసే జిడ్డు కాదు కదా?" అంది. తిన్నాక మాత్రం రెండోది అడక్కుండానే తీసుకుంది.

తలగుడ్డ తీసేయమన్నారా అని అడిగావు. ఎవరూ అనలేదు. నేనే తీసేశాను. బల్ల మీదికి వంగినప్పుడు దాని కొస సిరాలో పడుతోంది. నా పని ఇప్పటికీ అదే. ఇంజనీర్లు గీసిన, సాళ్ళలో కలుపు తీసే గుంటకల బొమ్మలకు పలచని గుడ్డ మీద నకళ్ళు తీయడం. రెండు సాళ్ళను ఒకేసారి దున్నే గుంటక వచ్చిన మాట నిజమేనా అన్నావు. నిజమే, కళ్ళారా చూశాను. మనిషి సీటు మీద దొరలా కూర్చుంటాడు, గుర్రాలు వరసగా నడుస్తాయి. మన వాగు ఒడ్డు వంకర్లలో మాత్రం అది తిరగదు. దాని మీద ఆశ పెట్టుకోకు.

మొన్న నకలు తీయమని నా బల్ల మీద పెట్టిన బొమ్మ చూసి కాసేపు కలం ముట్టుకోలేకపోయాను. ఏమీ లేదమ్మా, ఒక రేకు అడ్డు. గుంటక పారలు ఎగదోసే మట్టి లేత మొక్కల మీద పడకుండా సాలుకు ఇరుపక్కలా వేలాడే రేకు. ఆ గీతల మీద నా కలం నడుస్తుంటే నేను మాత్రం మన పొలంలో, నీ వెనక, ఉత్త కాళ్ళతో ఉన్నాను.

నీకు గుర్తుందా? నాన్న పోయిన తర్వాతి వేసవి. అమ్మమ్మ ఒంటిగుర్రం గుంటకతో సాలుకు ఈ పక్కొకసారి, ఆ పక్కొకసారి తిరిగేదట. మనది అంతకంటే నయం. రెండు గుర్రాల మధ్యనుంచి సాలు నడిచొస్తుంది, రెండు పక్కలా పారలు ఒకేసారి తవ్వుతాయి. నువ్వు రెండు పిడులూ పట్టుకుని, పగ్గాలు వీపు చుట్టూ వేసుకుని, గుర్రాలతో నోటి మాటతోనే వ్యవహారం నడిపిస్తూ ముందు పోయేదానివి. నీ గౌను జేబులో చెక్క చీలలు గలగలలాడేవి. పార వేరుకు తగిలితే చీల విరిగేది, పార దక్కేది. చలికాలమంతా పొయ్యి దగ్గర కూర్చుని నువ్వు చెక్కినవే అవన్నీ. ఇప్పుడు చీల లేదమ్మా. స్ప్రింగు పెట్టారు. పార తనే వెనక్కి ఒరిగి, తనే లేచి నిలబడుతుంది.

నా పని నీ వెనక నడుస్తూ మట్టిలో మునిగిన మొక్కల్ని వేళ్ళతో పైకి తీయడం. నువ్వు వెనక్కి చూసేదానివి కాదు. గుర్రాల చెవుల మధ్యనుంచి చూస్తూనే అడిగేదానివి.

"లిదా, ఎవరన్నా మునిగారా?"

"ఒకడు మునిగాడే. తీశా."

"బతికాడా?"

"తల వాల్చేశాడు."

"ఎండ తగలనీ, లేస్తాడులే. నువ్వు మాత్రం వాడి పక్కనే కూర్చోకు, పొద్దు పోతోంది."

ఆ మట్టి పైన వేడిగా, లోపల చల్లగా ఉండేది. సాలు చివర తడి గోనె చుట్టిన డబ్బాలోంచి చల్లారిన కాఫీ తాగేవాళ్ళం. నాకు నువ్వు వేరే కప్పు ఇచ్చేదానివి కాదు. డబ్బా అంచు మీద నీ పెదాల మట్టి ఉండేది. ఇంత మంచి కాఫీ ఇక్కడ ఏ హోటల్లోనూ దొరకలేదంటే నవ్వుతావు.

ఆ మరుసటేడు నువ్వు బట్టలు ఉడకబెట్టే రేకు తొట్టిని కత్తిరించేశావు. ఆ రెండు ముక్కలనూ గుంటకకు తగిలించి, సాలు చివరిదాకా తోలి, మొదటిసారి వెనక్కి తిరిగి చూశావు. ఎవరూ మునగలేదు. "ఇక నీ వేళ్ళు ఖాళీ. పోయి వాటితో రాయడం నేర్చుకో," అన్నావు. మన ఇంట్లో బడి గడప తొక్కిన మొదటి మనిషిని నేనే. అందుకే ఆ రేకు బొమ్మ ముందు కలం ఆగిపోయింది. ఇకపైన ఏ పిల్లా గుంటక వెనక నడవక్కర్లేదు. అది మంచిదే, నాకు తెలుసు. అయినా, ఆ సాలు మళ్ళీ నడవనిస్తే ఈ సాయంత్రమే రైలెక్కుతాను.

ఇంతసేపూ డొంకతిరుగుడుగా రాస్తున్నానని నువ్వు ఈపాటికి పిన్నితో అనే ఉంటావు. నువ్వు అడిగిన అసలు మాటకు వస్తున్నాను. "మోకాలు ఒంగని మనిషి తోలే గుంటక మీ కంపెనీలో ఉందా లేదా, సూటిగా చెప్పు. లేకపోతే పొలం మా అన్న యోసెఫ్‌కి కౌలుకిచ్చి, గుర్రాల్ని అమ్మేసి, వాళ్ళింటి వెనక గదిలోకి పోతాను," అన్నావు. జూన్ మొదట్లో మొక్కజొన్నకు తొలి గుంటక పడకపోతే కలుపు మింగేస్తుంది. అందుకని నా జవాబు ఇప్పుడే కావాలి నీకు.

అమ్మా, అమ్మకానికి అలాంటిది లేదు.

రోజాలీ పిన్ని కొట్టంలో ఉన్న సీటు గుంటక మా కంపెనీదే. పాతదైనా గట్టిది. ఎడమ కాలి మెట్టు తొక్కితే ఎడమకు, కుడి కాలిది తొక్కితే కుడికి జరుగుతుంది. నువ్వు ఎడమ కాలితో తొక్కలేవు కాబట్టి ఆ గుంటక నీతో ఒక పక్కకే వెళ్తుంది. చలికాలం బోరింగు దగ్గర మంచు మీద నువ్వు పడ్డావని తెలిసిన రోజునుంచీ నేను దీని గురించే ఆలోచిస్తున్నాను. రెండు మెట్లూ తీసేసి, మధ్యలో కీలు ఉన్న ఒక్క పొడుగు మెట్టు పెడితే? కుట్టుమిషను తొక్కినట్టే. వేళ్ళతో నొక్కితే కుడికి, మడమతో నొక్కితే ఎడమకు. కుడికాలు ఒక్కటి చాలు.

బొమ్మ గీసి మా నకళ్ళ గదికి పెద్దయిన వీలాక్ గారికి చూపించాను. ఆయన తిరగేసి మరగేసి చూశారు.

"బాగానే ఉందమ్మాయ్. కానీ దేశంలో ఒంటికాలి రైతులు ఎంతమంది ఉంటారు?"

"నాకు ఒకరు తెలుసండీ."

"ఎవరాయన?"

"ఆయన కాదు. మా అమ్మ."

ఆయన బొమ్మ నా చేతిలో పెట్టారు. పారేసిన ఇనుములోంచి కావలసింది తీసుకోమన్నారు. పనివేళల్లో మాత్రం వద్దన్నారు. మా పరీక్ష పొలంలో కొత్త గుంటకలు తోలి చూసే ఆంబ్రోస్ అనే పెద్దాయన కొలిమి దగ్గర దాన్ని వంచిపెట్టాడు. తనే తోలి చూస్తానన్నాడు. నేనొప్పుకోలేదు. ఆయనకు రెండు కాళ్ళూ బాగున్నాయి మరి. నా ఎడమ కాలికి చెక్కపట్టీ పెట్టి, మోకాలు ఒంగకుండా గుడ్డతో బిగించి కట్టుకున్నాను.

"నువ్వు నడుస్తుంటే కుర్చీ నడిచొస్తున్నట్టుందే," అన్నాడు ఆంబ్రోస్.

"కుర్చీకి నాలుగు కాళ్ళుంటాయి తాతా. నాకు ఒక్కటే. నవ్వడం ఆపి ఎక్కించు."

పగ్గాలు నీలాగే వీపు చుట్టూ వేసుకున్నాను. మెట్టు చెప్పిన మాట విన్నదమ్మా. ఒక మొక్కను కూడా తాకకుండా సగం సాలు వెళ్ళాను. వీలాక్ గారు గట్టు మీద నిలబడి చూస్తున్నారు. అక్కడ సాలు కొద్దిగా కుడికి వంగుతుంది. గుర్రాలు కుడికి రావాలి. నోటికి వచ్చింది నీ మాటే. "హొత్," అని అరిచాను.

నీకెలా తెలుస్తుంది పాపం, ఇంగ్లీషు గుర్రాలకు "హో" అంటే ఎడమ. చివరి తకారాన్ని గాలి పట్టుకుపోయింది. అవి బుద్ధిగా ఎడమకు తిరిగాయి. కుడికి రమ్మని నేను ఇంకా గట్టిగా "హొత్, హొత్" అంటున్నకొద్దీ ఇంకా ఎడమకు ఉరికాయి. కొట్టమంత పొడుగున మొక్కజొన్న సాలు లేచిపోయింది. ఆంబ్రోస్ టోపీ చేత్తో పట్టుకుని వెనకే పరుగు.

"ఏ భాషలో తోలుతున్నావే తల్లీ?"

"బొహీమియా భాషలో తాతా."

"వాటికి అది నేర్పలేదే."

గట్టు మీద అందరూ పొట్ట పట్టుకుని నవ్వారు. వీలాక్ గారు కూడా నవ్వారు. తర్వాత, మెట్టు పనిచేస్తుందని ఒప్పుకుని, కంపెనీ మాత్రం దాన్ని చేయదని చెప్పారు. బ్రూనా, లిస్కాలకు ఇంగ్లీషు రాదు కాబట్టి నీకు ఆ చిక్కు లేదు. నువ్వు "హొత్" అంటే అవి కుడికే వస్తాయి, "చెహీ" అంటే ఎడమకే పోతాయి.

పిన్నీ, ఇక్కడ ఆగి కాఫీ కలుపుకోండి ఇద్దరూ. ఇకమీద ఒక్క ముక్క కూడా దాటేయకు. అమ్మకు కోపం వచ్చినా సరే.

అమ్మా, ఏప్రిల్‌లో యోసెఫ్ మామయ్య పశువులను షికాగో సంతకు రైల్లో తీసుకెళ్తూ దారిలో దిగి నన్ను చూశాడు. ఈ సంగతి నీకు చెప్పొద్దన్నాడు. స్టేషన్లో బెంచీ మీద కూర్చోగానే అసలు మాట బయటపెట్టాడు.

"లిదా, ఒంటికాలితో తోలే గుంటక ఉందా అని మీ అమ్మ అడిగితే, అలాంటి యంత్రం లేదని రాసెయ్యవే. నీ మాటయితే వింటుంది."

"నీకు పొలం కావాలా మామయ్యా?"

"కావాలి. ఎందుకు కాదంటాను. కానీ అది కాదే. మీ నాన్నని బావిలోంచి పైకి తీసింది నేను. మా చెల్లెల్ని గుర్రాల కాళ్ళ కిందనుంచి కూడా నేనే తీయాలా?"

నేను అలాగే రాస్తానని మాటిచ్చాను. ఆయన మీద జాలితో కాదు. నాకూ భయమే.

ఆ భయం పరీక్ష పొలంలో ఇంకా పెరిగింది. నవ్వుల్లో చెప్పేశాను గానీ, గుర్రాలు ఎడమకు ఉరికినప్పుడు ఆంబ్రోస్ "దూకు, దూకు" అని అరిచాడు. దూకలేకపోయాను. చెక్క కట్టిన కాలు చట్రంలో ఇరుక్కుంది. పక్కనే చక్రం తిరుగుతూ కనిపిస్తోంది. నా కాలు నా మాట వినడం లేదు. ఆయన వచ్చి గుర్రాల కళ్ళేలు పట్టుకునేదాకా అలాగే ఉన్నాను. కిందికి దించాక నాకు ఏడుపు వచ్చింది. అందరూ సాలు పాడైనందుకు అనుకున్నారు.

గదికి వచ్చి నీకు ఉత్తరం మొదలుపెట్టాను. "అమ్మా, అలాంటిది లేదు" అని రాసి ఆపేస్తే అబద్ధం కూడా కాదు. ఆ ఒక్క వాక్యంతో నువ్వు మామయ్య ఇంట్లో క్షేమంగా ఉంటావు. కానీ సూటిగా చెప్పమని అడిగావు. తరతరాలుగా మనవాళ్ళకు యంత్రాల సంగతి ఎవరో బయటివాళ్ళు చెప్పాలి, వాళ్ళు చెప్పిందే వినాలి. మొదటిసారి నువ్వు నీ కడుపున పుట్టినదాన్ని అడిగావు. సగం చెప్పి ఊరుకోవడానికా నేను చదువుకున్నది? ఆ కాగితం పొయ్యిలో వేసి ఇది రాస్తున్నాను.

అందుకని రెండు మాటలూ విను. ఆ మెట్టుతో నువ్వు మన పొలం తోలగలవు. ఆ సీటు మీదనుంచి దూకలేవు. కాలు ఇరుక్కోకుండా ఎడమ పక్క చట్రానికి ఆంబ్రోస్ ఒక రేకు వంచి ఇచ్చాడు, దిగేటప్పుడు పట్టుకోవడానికి ఒక కడ్డీ చేశాడు. గుర్రాలు నిలబడి ఉంటే జారి దిగవచ్చు. బెదిరితే మాత్రం ఏ ఇనుమూ నిన్ను కాపాడదు. అన్నీ పెట్టెలో పెట్టి శనివారం గూడ్సుకు వేశాను. బిగించాలా వద్దా అన్నది నీ ఇష్టం. బిగిస్తే మొదటి రోజు పిన్నిని బ్రూనా కళ్ళెం పట్టుకుని నడవమను. వద్దనుకుంటే, భయపడి మానేశావని ఎవరైనా అంటే నాతో మాట్లాడమను. తనకు ఇచ్చిన మాట తప్పానని మామయ్యకు నేనే రాస్తాను.

మెట్టు ఎంత పొడుగు ఉండాలని ఆంబ్రోస్ అడిగాడు. నీ పాదం కొలత నా దగ్గర లేదు. నా బూటు విప్పి ఆ ఇనుము మీద పాదం పెట్టాను, చుట్టూ సుద్దతో గీశాడు. ఇంటినుంచి వచ్చిన రోజు నీ బూట్లు తొడుక్కునే కదా వచ్చాను, ఎక్కడా కరవలేదు. సరిపోతుంది.

ఇట్లు,
నీ ఒక్కగానొక్క కూతురు,
లిదా