బ్లాక్ చేసిన పెళ్లి పత్రిక

గురువారం, భోజనమయ్యాక

ఆఫీసులో మాకు టీ ఇచ్చే యాదమ్మ ఇవాళ కప్పు నా ముందు పెట్టి, వెళ్లకుండా నిలబడింది.

"మా బిడ్డ లగ్గానికి మన ఫ్లోరు నుంచి ఒక్కరు గూడ రాకపోతిరి, ఏంది మేడం? పుప్పాలగూడ ఫంక్షన్ హాల్ల మీకోసం ఒక వరుస కుర్చీలు ఆపి పెట్టిన."

ఏ పెళ్లి అని అడగబోయి ఆగిపోయాను.

పోయిన నెల సెక్యూరిటీ టీమ్ తరఫున క్లాసు చెప్పింది నేనే. పెళ్లి పత్రిక పేరుతో దొంగ యాప్ వస్తోంది, నొక్కారంటే ఫోనంతా వాళ్ల చేతుల్లోకి పోతుంది, తెలియని నంబరైతే తెరవకుండా బ్లాక్ చేసేయండి అన్నాను. తర్వాతి వారమే ఏదో నంబరు నుంచి అందరికీ "పెళ్లి పత్రిక" అని మెసేజ్ వచ్చింది. ఫ్లోరంతా బ్లాక్ చేశారు. నేనూ చేశాను. శభాష్ అని అందరినీ మెచ్చుకున్నాను కూడా.

ఆ నంబరు యాదమ్మదే. వాట్సాప్ గ్రూపులో పెడితే పిలిచినట్టు కాదని ఒక్కొక్కరికీ విడిగా పంపిందట. ఆరేళ్లుగా ఆమె చేతి టీ తాగుతున్నాం, ఆమె నంబరు ఒక్కరమూ సేవ్ చేసుకోలేదు.

జరిగింది చెప్పాను. యాదమ్మ కోప్పడలేదు.

"మీ క్లాసు రోజు ఎనక నిలబడి నేను గూడ విన్న మేడం. ఫైలు పంపితే మీరు పరేషాన్ అయితరని, పత్రికను ఫొటో తీసి పంపిన."

ఆ దొంగ యాప్‌లు ఆగలేదు. వచ్చే నెల మళ్లీ క్లాసు చెప్పాలి. ఏమని చెప్పను...

ఇందాక అన్‌బ్లాక్ చేసి చూశాను. ఫొటోయే. పత్రిక నాలుగు మూలలా పసుపు రాసి మరీ తీసింది.