సమాధుల దారిలో తోడు

ప్రియమైన శ్రీమతికి,

ఎట్టకేలకు క్వార్టర్ ఇచ్చారు. రెండు గదులు, వంటింట్లో పెద్ద కిటికీ. దాని కింద నీ కుట్టుమిషను సరిగ్గా పడుతుంది, జానతో కొలిచి చూశాను. ఇక బయలుదేరు. ఏడు నెలలుగా నా వంట నేనే తింటున్నాను, పగవాడికి కూడా వద్దు ఆ శిక్ష.

పని బాగుంది. మూడువేల ఏళ్ల నాటి సమాధులు, కొండ పొడుగునా నలభై పైనే. ఒరిగిపోయిన రాళ్లను మళ్లీ నిలబెట్టడం నా పని. ఇక్కడ నాకంటే సీనియర్ ఒకడున్నాడు. ఊరకుక్క. గోధుమరంగు, ఒక చెవి వాలి ఉంటుంది. అందరూ సూపర్‌వైజర్ అంటారు. టిక్కెట్టు కొన్న యాత్రికుల ముందు నడుస్తాడు. ఎవరైనా వెనకబడితే ఆగి కూర్చుంటాడు. చివరి సమాధి దాకా తీసుకెళ్లి, మళ్లీ గేటు దగ్గర దింపి, తర్వాతి గుంపును చూసుకుంటాడు. మొన్న పొగమంచులో దారి తప్పిన ముసలి దంపతులను వాడే వెనక్కి తీసుకొచ్చాడు. చూస్తే నీకూ నచ్చుతాడు.

ఇట్లు,
నీ మేస్త్రీ


శ్రీవారికి,

ఉత్తరం అందింది. క్వార్టర్ గురించి నాలుగు ముక్కలు, కుక్క గురించి పేజీ! చిన్నప్పుడు నన్ను కుక్క కరిచిందని, బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజక్షన్లు పొడిచారని పెళ్లైన కొత్తలోనే చెప్పాను. ఇప్పటికీ దారిలో కుక్క కనిపిస్తే పక్కవీధిలోంచి చుట్టూ తిరిగి వెళ్తాను.

మీ సూపర్‌వైజర్ ఉన్నంతకాలం నేను రాను. అదో, నేనో తేల్చుకోండి. స్కూలు యూనిఫాంలు ఇంకా ముప్పై జతలు కుట్టాలి, అవి అయ్యేలోగా జవాబు రాయండి. వేళకు తినండి.

ఇట్లు,
అలిగిన ఇల్లాలు


బంగారూ,

ఇక తేల్చుకోవలసిన పని లేకుండా పోయింది. ఆఫీసుకు సంతకం లేని ఫిర్యాదు వచ్చింది. ఎవరో యాత్రికురాలట. కుక్క మీద పడబోయిందట, గుండె ఆగినంత పనైందట. ఆఫీసరు మంచివాడే, కానీ కాగితం వచ్చాక ఏం చేస్తాడు? సోమవారం వ్యాను వస్తుంది. దూరంగా ఎక్కడో వదిలేస్తారు. టిక్కెట్లిచ్చే ఆవిడ రెండు రోజులుగా తన క్యారేజీలో అన్నం సగం వాడికే పెడుతోంది. వాడికి ఇవేవీ తెలియవు. ఈరోజు కూడా ఐదు గుంపులను తిప్పాడు.

ఆ మహాతల్లి ఎవరో గానీ, వాడు మనిషి మీద పడటం నేనెప్పుడూ చూడలేదు. సరేలే, నీ భయం తీరింది. మంగళవారం తర్వాత ఎప్పుడైనా రా.

నీ
మేస్త్రీ


ప్రియమైన మీకు,

ఈ ఉత్తరానికి స్టాంపు లేదేమని ఆశ్చర్యపోకండి. మీ వంటింటి కిటికీ దగ్గరే కూర్చుని రాస్తున్నాను. మీరు సున్నం తేవడానికి వెళ్లారట, టిక్కెట్లావిడ తాళంచెవి ఇచ్చింది. ఎదురుగా చెప్పే ధైర్యం లేక రాస్తున్నాను. ఆ మహాతల్లిని నేనే.

"వాడికి ఇవేవీ తెలియవు" అన్న మీ మాట చదివాక కుడుతున్న యూనిఫాం పక్కన పడేశాను. కళ్లతో చూడని కుక్క మీద అబద్ధం రాశాను. ఈ ఉదయం తొలిబస్సు ఎక్కి వచ్చేశాను. ఆఫీసరు పదకొండింటికి గానీ రారన్నారు. ఊరికే నిలబడలేక టిక్కెట్టు కొన్నాను. గేటు దాటానో లేదో, వచ్చేసింది. కళ్లు మూసుకుని "పో, పో" అన్నాను. తెరిచేసరికి పదడుగుల అవతల అటు తిరిగి కూర్చుని ఉంది. నేను అడుగేస్తే తనూ అడుగేసింది. పైకి వెళ్లేదాకా ఆ దూరం ఒక్కసారి కూడా తగ్గించలేదండీ! చివరి సమాధి దగ్గర కూలబడి ఏడ్చాను. దిగేటప్పుడు ఆ పదడుగులూ నేనే తగ్గించుకుంటూ వచ్చాను. గేటు దగ్గరికొచ్చేసరికి రెండే మిగిలాయి.

ఆఫీసరుతో "ఆ కాగితం నేనే రాశానండీ, అంతా అబద్ధం" అన్నాను. నమ్మలేదు.

"ఇప్పటికే ఇద్దరొచ్చి ఇదే మాట చెప్పారమ్మా. ఒకరు టిక్కెట్లావిడ, రెండోవాడు మా మేస్త్రీ."

తెల్లకాగితం తెప్పించుకుని ఆయన ముందే నాలుగు వరుసలు రాసి చూపించాను. చేతిరాత కలిసింది. పడీపడీ నవ్వి, వ్యాను వద్దని ఫోన్ చేశారు. మీరు కుక్క కోసం వెళ్లి చెప్పారో, నా రాత గుర్తుపట్టి వెళ్లారో, నేను అడగను.

నాలుగు గంటల గుంపు బయలుదేరుతోంది, నేనూ వెళ్తున్నాను. వచ్చి కంగారుగా వెతక్కండి. పైన చివరి సమాధి దగ్గర ఉంటాను. నాకేం భయం లేదు, వాడున్నాడు.

మీ
ఇల్లాలు