హాఫ్ క్లచ్

ఏలూరు,
జూన్ 9

ఒరేయ్ శివరామయ్యా,

నీ చెవులు పూర్తిగా మొరాయించాయని, ఫోను చేసినా “ఆఁ? ఆఁ?” తప్ప ఇంకేమీ లాభం లేదని మీ అమ్మాయి శ్యామల చెప్పింది. దాంతో అరవై నాలుగేళ్ల వయసులో నాకు ఉత్తరాలు రాసే పని పడింది. ఒకే డిపోలో ముప్పై ఏళ్లు బస్సులు తోలాం. రిటైరయ్యాక నువ్వు తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల బజారు పక్కన హాయిగా కాళ్లు చాపుకున్నావు. నేనేమో ఇక్కడ సాయికృష్ణ అనే కుర్రాడు పెట్టిన డ్రైవింగ్ స్కూల్లో మాస్టారునయ్యాను. మన ఇద్దరిలో తెలివైనవాడివి నువ్వే.

ఇక్కడికి నేర్చుకోవడానికి వచ్చే శాల్తీలను నువ్వు చూడాలి. ఒక బ్యాంకు ఆఫీసరు ఉన్నాడు. వంతెన ఎక్కుతుండగా ముందు లారీ ఆగితే హ్యాండ్‌బ్రేకు వెయ్యడు. క్లచ్ సగం వదిలి, ఆక్సిలరేటరు నొక్కి, కారును ఏటవాలు మీద వేలాడదీస్తాడు. హాఫ్ క్లచ్‌లో నిలబెట్టడం పెద్ద విద్య అనుకుంటాడు. కాలిన వాసన వస్తే అద్దం దించి, “ఎవరో చెత్త తగలబెడుతున్నారండీ” అంటాడు. ఉదయ్ కిరణ్ అని ఒక ఇంజనీరు. సిగ్నల్ దగ్గర ఫస్ట్ గేరులో క్లచ్ తొక్కిపట్టి నిమిషన్నర కూర్చుంటాడు. న్యూట్రల్ చెయ్యవయ్యా అంటే, “ఎలాగూ వెళ్లాలి కదండీ” అంటాడు. వీడు కట్టే వంతెనలు ఎక్కకుండా దేవుడు మనల్ని తొందరగా తీసుకుపోవాలి.

అసలు ఎంత విద్యరా ఇది? గేరు మార్చేటప్పుడు క్లచ్ అడుగంటా తొక్కు. మార్చాక మెల్లగా, పూర్తిగా వదులు. వదిలాక కాలు తీసి పక్కన పెట్టుకో. అది కాలు ఆన్చుకునే పీట కాదు. ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా ఒక్కడి బుర్రకెక్కదు. నా సీటు దగ్గర కూడా ఒక క్లచ్, ఒక బ్రేకు ఉన్నాయి కాబట్టి సరిపోయింది, లేకపోతే ఈపాటికి వీళ్లందరూ ఏలూరు కాలవలో ఉండేవాళ్లు.

ఇప్పుడు అసలు సంగతి. ఏడు నెలల్లో మూడోసారి క్లచ్ ప్లేట్లు కాలిపోయాయి. కాల్చింది వీరదుర్గ అని ఒక మనిషి. కొల్లేటి లంకలో కాపురం. భర్తకు పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయిందట, చేపల వ్యాను ఇంటి ముందు ఆగిపోయిందట, ఇక తనే తోలుతుందట. సరే, రానీ అన్నాను. నిన్న పెదపాడు రోడ్డులో బండి ముందుకు లాగడం మానేసింది. ఇంజను రొద చేస్తోంది తప్ప కదలదు. “క్లచ్ మీద కాలు తియ్యి” అన్నాను. “తీసేశానండి” అంది. “మరి బండికి రోగమా?” అన్నాను. అప్పుడేమందో తెలుసా? “మాస్టారూ, నేను తొక్కకముందే పెడల్ కాస్త దిగి ఉంటోందండి. రోజూ అంతేనండి” అంది. నాకు ఒళ్లు మండింది. “పెడల్‌కి దయ్యం పట్టిందా? చేపల తట్ట మోసుకునేదానికి స్టీరింగెందుకమ్మా నీకు?” అన్నాను. వెనక సీట్లో ఉదయ్ కిరణ్‌తో కలిపి ముగ్గురు, స్కూటరు మీద సాయికృష్ణ, టీ కొట్టువాడు, అందరూ విన్నారు. ఆవిడ కారు దిగింది. చున్నీ సర్దుకుని బస్సు వచ్చే వైపు నడిచి వెళ్లిపోయింది. లైసెన్సు టెస్టుకు పంపే జాబితాలోంచి ఆ పేరు కొట్టేయమని సాయికృష్ణకు చెప్పాను. పీడ వదిలింది.

మోకాళ్ల నొప్పులకు నువ్వు వాడే నూనె పేరు రాయి.

నీ
పాండురంగారావు

ఏలూరు,
జూలై 21

శివరామయ్యా,

నువ్వు పంపిన నూనె అందింది. నాది నూనెతో పోయే రోగం కాదని తేలింది. ఎందుకో చెబుతాను, నవ్వకు.

వీరదుర్గ వెళ్లిపోయి ఆరు వారాలైంది. కొత్త ప్లేట్లు మళ్లీ కాలిపోయాయి. ఈసారి ఆ తప్పు బ్యాంకు ఆఫీసరు మీద వేశాను. మెకానిక్ క్రాంతి కుమార్ మరోసారి ప్లేట్లు మార్చి, ట్రయల్‌కి వెళ్దాం రమ్మన్నాడు. అతను తోలుతున్నాడు, నేను నా సీట్లో కూర్చుని మన డిపో కబుర్లు చెబుతున్నాను. రెండు కిలోమీటర్లు కూడా వెళ్లలేదు.

“మాస్టారూ, కాలు తియ్యండి” అన్నాడు.

“ఏ కాలు?”

“మీ కాలేనండి. క్లచ్ మీద ఉంది.”

“నా కాలు నేల మీదుందయ్యా” అన్నాను, అచ్చం ఆ బ్యాంకు ఆఫీసరులాగే. అతను బండి పక్కకు ఆపి, వంగి, నా ఎడమ కాలును చేత్తో ఎత్తి పెడల్ మీంచి దించాడు. చెప్పు ఎప్పుడో జారిపోయి సీటు కిందికి పోయింది. చెప్పు జారిన సంగతి నాకు తెలియదు. కాలు పెడల్ మీదుందనీ తెలియదు. అతను చేత్తో పట్టుకున్నప్పుడు కూడా, కళ్లతో చూశాను కాబట్టి తెలిసింది.

మర్నాడు డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. కళ్లు మూసుకోమని అరికాలిలో సూదితో గుచ్చింది. “ఎప్పుడు గుచ్చుతారండీ?” అని అడిగాను. “అయిపోయిందండి” అంది. పన్నెండేళ్ల నుంచి ఉన్న షుగరు నరాలను తినేసిందట. ఏడాది పైగానే జరుగుతూ ఉండాలంది.

ఏడాది నుంచి హాఫ్ క్లచ్‌లో కారు నడిపింది నేనురా. పాఠం చెబుతూ చెబుతూ, “కాలు తియ్యి, కాలు తియ్యి” అని అరుస్తూ, నేనే తొక్కాను. రెండు పెడళ్లూ ఒకదానికొకటి కలిపే ఉంటాయి కదా, ఆ మనిషి కాలి కింద పెడల్ దిగింది నా బరువుకే. ఉన్న సంగతి ఉన్నట్టు చెప్పింది. నేనేమన్నానో నీకు గొప్పగా రాశాను కదా, ఆ ఉత్తరం చింపెయ్యి. కాదు, చింపకు.

నన్ను చూస్తే నాకే అసహ్యం వేస్తోంది. ఆదివారం కొల్లేరు వెళ్తున్నాను.

పాండురంగారావు

ఏలూరు,
ఆగస్టు 4

శివరామయ్యా,

వెళ్లొచ్చాను. బస్సు దిగి, షేర్ ఆటో ఎక్కి, చివర మైలున్నర గట్టు మీద నడిచాను. అటూ ఇటూ చెరువులు. మొద్దుబారిన కాలితో ఎక్కడ అడుగు పడుతోందో కిందికి చూసుకుంటూ నడవడం అంటే ఏమిటో అప్పుడు తెలిసింది.

ఆవిడ వ్యాను దగ్గర చేపల ట్రేలలో ఐసు వేస్తోంది. కైకలూరులో ఇంకో స్కూలుకు వెళ్లి, పది రోజుల కిందటే లైసెన్సు తెచ్చుకుందట. భర్త అరుగు మీద కూర్చుని నాకు మంచినీళ్లు ఇప్పించాడు. వచ్చిన పని చెప్పాను. కాలు సంగతి, డాక్టరు సంగతి, అన్నీ చెప్పాను. “తప్పు నాదమ్మా, క్షమించు” అన్నాను. వింటూనే ఐసు వేసింది. అయ్యాక, “ఎక్కండి, మెయిన్ రోడ్డు మీద దింపుతానండి” అంది.

గట్టు మలుపులో ఎదురుగా ట్రాక్టరు వచ్చింది. అక్కడ ఏటవాలు. హ్యాండ్‌బ్రేకు వేసి, న్యూట్రల్ చేసి ఆగింది. ట్రాక్టరు వెళ్లాక ఫస్ట్ గేరు వేసి, క్లచ్ పట్టుకున్నాక హ్యాండ్‌బ్రేకు వదిలింది. వ్యాను ఒక్క అంగుళం వెనక్కి పోలేదు. గేరు మారిన ప్రతిసారీ ఎడమ కాలు పక్కకు వెళ్లిపోయింది. ఎక్కడైనా తప్పు దొరుకుతుందా అని నా వెధవ కళ్లు అప్పుడు కూడా వెతికాయిరా.

మెయిన్ రోడ్డు మీద ఆపింది. “ఏమీ అనవేమమ్మా?” అని అడిగాను.

“మీరు అయిదుగురి ముందు అన్నారండి. ఇక్కడ ఎవరున్నారండీ?” అంది.

అంతే. వ్యాను వెళ్లిపోయింది.

నిన్న ఉదయం పెదపాడు రోడ్డులో, అదే టీ కొట్టు దగ్గర, ఆ రోజు ఉన్నవాళ్లందరినీ పోగుచేశాను. బ్యాంకు ఆఫీసరును కూడా పిలిచాను. సాయికృష్ణ చేత ఆవిడకు ఫోను చేయించి, స్పీకరు పెట్టించాను. ఏడాదిగా క్లచ్ కాల్చింది నేనని చెప్పాను. వీరదుర్గ నిజం చెబితే, చేపల తట్ట మాట అని అవమానించానని, ఆ మాట అనడానికి నాకు ఏ అర్హతా లేదని చెప్పాను. రోడ్డు రొదలో వినపడక రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. బ్యాంకు ఆఫీసరు నవ్వాడు. ఉదయ్ కిరణ్ నవ్వలేదు, తల దించుకున్నాడు. దానికన్నా ఆ నవ్వే నయం. స్కూలు తాళాలు అక్కడే సాయికృష్ణ చేతిలో పెట్టేశాను.

ఫోనులో వ్యాను ఇంజను చప్పుడు వినపడుతోంది. తర్వాత ఆవిడ, “విన్నానండి. ఐసు కరిగిపోతోంది, ఉంటాను” అని పెట్టేసింది.

నీ
పాండురంగారావు