టీవీ బాగుచేసిన సంగతి

గద్వాల,
ఆదివారం.

సుష్మ నాయనకు రాజేశ్వరి నమస్కారం చేసి రాసే సంగతులు. ఇక్కడ నేను, వనపర్తి హాస్టల్లో సుష్మ, ఇద్దరం ఒంట్లో బాగానే ఉన్నాం. ఒంట్లో అని ఎందుకు రాశానో చివరిదాకా చదివితే తెలుస్తుంది. ముందే ఆఖరి కాగితం తిప్పి చూడకు. నీకు ఆ పాడు అలవాటు ఉంది.

నీ ఉత్తరం వచ్చి పదకొండు రోజులైంది. ఈపాటికి పోస్టుమాన్‌ను తిట్టుకుంటూ ఉంటావు. పాపం, ఆయన తప్పేమీ లేదు. మన వీధిలో ఉత్తరాలు వచ్చేది మన ఇంటికొక్కదానికే. "ఏందమ్మా, మీ ఇంట్ల ఫోన్లు లేవా?" అని ఆయన అడిగితే "ఫోన్లున్నయ్ సారూ, మా ఆయనకు చెవులే లేవు" అని నవ్వుతాను. ఆ తర్వాత లోపలికొచ్చి ఏడుస్తాను. ఫోనులో నేను అరిస్తే వీధి చివరిదాకా వినబడుతుంది, భీవండీలో ఉన్న నీకు మాత్రం వినబడదు.

నా మోకాలి నొప్పి గురించి అడిగావు. తగ్గింది. సుష్మకు మూడో సెమిస్టర్ పరీక్షలు అయిపోయాయి, అన్నీ బాగానే రాసిందట. నీ చెవి సంగతి దానికి ఫోనులో చదివి వినిపించాను. ఎడమ చెవి పూర్తిగా పోయిందని, కుడి చెవి సగం మిగిలిందని, ఆ పవర్‌లూమ్ మిషన్ల దగ్గర నుంచి ఇప్పుడే బయటపడితే ఆ సగం నిలుస్తుందని, ఇంకో ఏడాది రెండేళ్ళు ఉంటే అదీ పోతుందని డాక్టరు చెప్పిన మాటలన్నీ చదివాను. అంతా విని, "అమ్మా, నాయనను ఇంక ఒక్క దినం గూడ ఆడ ఉండొద్దను" అంది.

నువ్వూ అదే రాశావు. వచ్చే నెల పదిహేనుకు వచ్చేస్తానని, అక్కడి సేటుకు మానేస్తానని చెప్పేశానని, మన మగ్గం మీద నువ్వు కూర్చుంటే నేను కండెలకు నూలు చుడితే చాలని. "మన మగ్గం చప్పుడుకు చెవిటోడైనోడు గద్వాలల ఒక్కడు గూడ లేడు" అని రాసిన చోట నాకు నవ్వొచ్చింది. ఆ వాక్యం నేను ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు.

ఇక టీవీ సంగతి. బాగైందా లేదా అని అడిగావు. బాగైంది. నేనే చేశాను. నమ్మవు కదా?

నొక్కితే ఎర్ర లైటు మిణుకుమిణుకుమని ఆరిపోతోందని కిందటిసారి రాశాను. ఆటోలో వేసుకుని పాత బస్టాండు దగ్గర షరీఫ్ దుకాణానికి తీసుకుపోయాను. విప్పి చూసి, "అక్కా, పవర్ బోర్డు పోయింది. ఈ పాత దానికి కొత్త బోర్డు దొర్కది. ఊకె పరేషాన్ గాకు, పక్కకు పెట్టు" అన్నాడు. నా సంగతి నీకు తెలుసు. పక్కకు పెట్టు అంటే ఒళ్ళు మండుతుంది. నువ్వు పోయినప్పటి నుంచి ఆ మగ్గం గదిలో నాతో మాట్లాడేది ఆ టీవీ ఒక్కటే. అది మోగుతుంటేనే పోగుల మధ్య నాడె అటూ ఇటూ ఆడుతుంది. అది లేకపోతే ఇల్లు మీద పడ్డట్టు ఉంటుంది, గంటకు నాలుగు వేళ్ళ బట్ట కూడా సాగదు.

సుష్మ ఫోనులో ఒక వీడియో పంపింది. అందులో ఎవరో అరవాయన టీవీ వెనక మూత విప్పి చూపించాడు. భాష తెలియకపోయినా చెయ్యి ఎటు పోతుందో చూస్తే చాలు కదా, మగ్గం నేర్చుకున్నదీ అట్లాగే. మరలన్నీ విప్పి గాజుల డబ్బాలో వేశాను. లోపల బోర్డు మీద చిన్న చిన్న డబ్బాల్లాంటి కెపాసిటర్లు ఉంటాయి. రెండింటి నెత్తులు పూరీల్లా ఉబ్బి ఉన్నాయి. వాటిని ఫోటో తీసి చూపిస్తే షరీఫ్ ఆశ్చర్యపోయి అలాంటివే రెండు ఇచ్చాడు. సోల్డరింగ్ ఐరన్ కూడా ఇచ్చి, "ప్లగ్గు పీకినంక గూడ ఆ పెద్ద డబ్బాల కరెంటు ఉంటది అక్కా, దాని కాళ్ళు ముట్టకు" అని మరీ మరీ చెప్పాడు. తెగిన పోగులు అతికే చేతులు నావి. ఏ కాలు ఎటు ఉందో గుర్తు పెట్టుకుని రెండూ అతికాను. ప్లగ్గు పెడితే లైటు నిలిచింది, బొమ్మ వచ్చింది. షరీఫ్ వచ్చి చూసి, "నా దుకాణంల నువ్వు కూసో అక్కా, నేనొచ్చి మగ్గం నేస్త" అన్నాడు. నాకైతే కాళ్ళు నేల మీద ఆగలేదు.

ఇక్కడిదాకా రాసి, మడిచి పోస్టులో వేసేద్దామని రెండుసార్లు అనుకున్నాను. వేసి ఉంటే నువ్వు నవ్వుకుంటూ రైలెక్కేవాడివి. అందుకే వేయలేదు.

ఎనిమిది రోజులు బాగానే ఆడింది. తర్వాత ఒకనాడు ఉరుముల వానకు కరెంటు పోయి, వచ్చి, మళ్ళీ పోయింది. టీవీ ఆగిపోయింది. విప్పి చూస్తే బోర్డు మీద గాజు ఫ్యూజు నల్లబడి ఉంది. షరీఫ్ దుకాణం మూసి ఉంది. చెల్లెలు షంషాద్ బిడ్డ పెళ్ళని అమరచింత పోయాడు. ఫోను చేస్తే బాజాల మధ్య నుంచే చెప్పాడు. "ఫ్యూజు మార్చుడు ఎంతసేపు అక్కా, అది ఎందుకు పోయిందో చూడాలె. నాల్గు దినాలల్ల వస్త, అందాక ముట్టకు."

నాలుగు రోజులు ఆగాల్సింది. ఆగలేదు. ఒకసారి చెయ్యి కుదిరింది కదా, నాకు విద్య వచ్చేసిందనుకున్నాను.

మెయిన్ బోర్డులో ఫ్యూజు కొట్టేసినప్పుడు మీ నాయన ఏం చేసేవాడో నీకు గుర్తుందా? జరీ కండె నుంచి ఒక పోగు తెంపి చుట్టేవాడు. "దీంట్ల గూడ రాగే ఉంటది, పైన వెండి పూత, అంతే" అనేవాడు. మన వీధిలో మగ్గం ఉన్న ప్రతి ఇంట్లోనూ అదే పని, ఫ్యూజు తీగ కొన్నవాళ్ళు ఎవరున్నారు? నేనూ అదే చేశాను. ఫ్యూజు రెండు కొసలకూ కలిపి ఒక పోగు చుట్టాను, టప్పున తెగింది. రెండు చుట్టాను, అవీ తెగాయి. నాలుగు పోగులు కలిపి గట్టిగా పేని చుట్టాను. నిలిచింది. టీవీ వచ్చింది.

మర్నాడు మధ్యాహ్నం నేస్తుండగా కరెంటు పోయింది. అదే సమయానికి మనకు పట్టు ఇచ్చి నేయించుకునే బాలస్వామి సేటు రమ్మని కబురు పంపాడు. చీర ఇంక ఒక మూర మిగిలింది, దాని సంగతి అడుగుతాడేమోనని లేచి పోయాను. టీవీ స్విచ్చి తీయలేదు. బొమ్మ లేదు కాబట్టి ఆపినట్టే అనుకున్నానో, అసలు అనుకోనేలేదో ఇప్పుడు చెప్పలేను.

సేటు మంచి మాటే చెప్పాడు. "మీ ఆయన వస్తుండు గద, ఈ చీర దిగంగనె ఇంకో రెండు పడుగులు ఇస్త. ఇద్దరు కలిసి నేసుకోండ్రి, పని ఖాళీ ఉండదు" అన్నాడు. దారిలో నీకోసమే రాసుకున్నాను ఆ మాటలన్నీ మనసులో. ఇంటి మలుపు తిరిగేసరికి వీధంతా మన వాకిట్లో ఉంది. పక్కింటి ఈదమ్మ బిందెలతో నీళ్ళు కొడుతోంది. కరెంటు వచ్చిన విసురుకు టీవీ వెనక అంటుకుందట. పక్కనే మగ్గం మీద గంజి పెట్టిన పడుగు పోగులు. అది అంటుకోవడానికి ఎంతసేపు?

మగ్గం లేదు. నేసిన చీర, మిగిలిన పడుగు, అంచు పూల జకార్డు అట్టలు, పోగులు సర్దే పన్నెలు, మీ నాయన మగ్గానికి చేయించిన టేకు దుంగలు అన్నీ పోయాయి. వంటిల్లు, ముందర గది మిగిలాయి. నాకు ఒక్క వెంట్రుక కూడా కాలలేదు, అది తలచుకుంటేనే సిగ్గేస్తుంది.

కరెంటు ఎక్కువ తక్కువ రావడం వల్లే అన్నారు అందరూ. నేనూ అవునన్నాను. సుష్మకూ అదే చెప్పాను. బాలస్వామి సేటు వచ్చి గది గుమ్మంలో నిలబడి, "నీ తప్పని అంటలేను రాజేశ్వరీ. గని మళ్ళ మీ ఇంటికి పట్టు పంపుడు నాతోని గాదు" అన్నాడు. కోపంగా అన్నా బాగుండేది. మిగతా సేట్లను కూడా అడిగాను. కాలిన ఇంటికి పట్టు ఎవరిస్తారు?

షరీఫ్ పెళ్ళి నుంచి నేరుగా వచ్చాడు. బూడిదలో బోర్డు వెతికి తుడిచి చూశాడు. ఫ్యూజు చోట జరీ కరిగి చిన్న గుండులా అతుక్కుని ఉంది. నా వంక చూసి మెల్లగా "జరీనా అక్కా?" అన్నాడు. నేను తలూపాను. దాన్ని జేబులో వేసుకున్నాడు. "ఎవరికి చెప్పకు. నేను గూడ చెప్ప" అని వెళ్ళిపోయాడు. అతను చెప్పడు. అందుకే నేను నీకు చెబుతున్నాను. ఇంటికి నిప్పు పెట్టింది కరెంటు కాదు, నేను. తెగాల్సిన దాన్ని తెగనివ్వకుండా నాలుగు పోగులు పేనింది ఈ చేతులే. తిట్టు. తిడుతూ ఉత్తరం రాయి, నేను చదువుతాను.

ఇప్పుడు ఈదమ్మ ఇంట్లో కండెలు చుడుతున్నాను. పత్తి తీసే రోజుల్లో గట్టు మండలం వైపు ఆడకూలీల ఆటో పోతుంది, అందులో పోతాను. నువ్వు వచ్చి కూలి చేస్తానంటావు, నాకు తెలుసు. ఇద్దరి కూలి కలిపినా తిండికీ సుష్మ చదువుకూ చాలదు, కాలిన పట్టు డబ్బు బాలస్వామి సేటుకు కట్టాలి కూడా. దాని చదువు ఇంకా ఏడాదిన్నర ఉంది. మాన్పిద్దామా అని ఒక పూటంతా ఆలోచించాను. మాన్పించలేను. నువ్వూ మాన్పించలేవు.

అందుకని ఈ మాట రాయాల్సి వచ్చింది. ఉత్తరం అందిన రోజే అక్కడి సేటు దగ్గరకు పో. మానేస్తానన్నది పొరపాటని చెప్పి, మళ్ళీ పనిలో పెట్టుకోమని బతిమాలు. డాక్టరు కాగితం చూపించకు. ఎవరైనా పిలిస్తే పెదాలు చూసి తలూపు, నీకు అది బాగా వచ్చని నువ్వే రాశావు. చెవిలో దూది పెట్టుకో, ఏమైనా ఆగుతుందేమో. ఆగదని తెలుసు, అయినా పెట్టుకో.

వచ్చే నెల రావద్దు. సుష్మ చదువు అయ్యాక వద్దువుగాని. అప్పటికి నేను ఎదురుగా కూర్చుని పిలిచినా నీకు వినబడదు. అది తెలిసే రాస్తున్నాను, రావద్దు.

ఇట్లు,
సుష్మ అమ్మ,
రాజేశ్వరి.