మా వాడి బండి ఇవాళ కూడా స్టార్ట్ కాలేదు

మంగళవారం, రాత్రి

మా వాడి బండిని ఇవాళ పక్కింటి గంగమ్మ కొడుకు సింహాద్రి చూశాడు. నా కొడుకు పోయినప్పటి నుంచి అది కాఫీ గింజల పాకలోనే ఉంది. కోడలు సీత అరకులో పనికి వెళ్లాలంటే జీపు కోసం చీకటితోనే కొండ దిగాలి. బండి బాగైతే తనే నడుపుకుని పోతుంది.

కిక్కు కొడితే ఇంజను తిరుగుతోంది గానీ అంటుకోవడం లేదు. సింహాద్రి ప్లగ్గు విప్పి తుడిచాడు. మూత తీసి పెట్రోలు ఉందని చూశాడు. ట్యాంకు కింద ఇంజనుకి పెట్రోలు వదిలే కొళాయి కట్టేసి ఉందని మాత్రం చూడలేదు. మా వాకిలి ఏటవాలు కదా, పెట్రోలు కారుతుందని మా వాడు దాన్ని ఎప్పుడూ కట్టేసేవాడు. ఆ మాట చెప్పబోయాను.

అంతలో గంగమ్మ కేకేసింది. "ఒరే, కూడు సల్లారిపోతంది, బేగి రారా."

"ఒత్తన్నాను లేయే, పేణం తియ్యకు" అని కసిరాడు.

"సూసావా అక్కా, కన్నతల్లినని కూడా లేదు ఈ గుంటడికి" అని నాతో నవ్వుతూ చెప్పింది.

నా కడుపు మండిపోయింది. నన్ను అలా కసిరేవాడు లేడు. కొడుకున్న తల్లి వచ్చి నా దగ్గరే చెప్పుకుంటోంది. కొళాయి మాట మింగేసి, "ఇక్కడే తిందువు గాని నాయనా" అన్నాను. తిన్నాడు. గంగమ్మ వండింది అక్కడ చల్లారిపోయింది. నాకు హాయిగానే ఉంది.

"రేపు కొత్త ప్లగ్గు తెత్తాను పెద్దమ్మా, ఏటవుతాదో సూద్దాం" అని పోయాడు.

తెల్లారితే సీత మళ్లీ ఈ చలిలో నడవాలి. నాది తప్పే. రేపు వాడు రాగానే చెబుతాను. ముందు అన్నం పెడతాను. తిన్నాక చెబుతాను.