మదర్ గారికి ఇచ్చిన మాట

రెంటచింతల,
10 జూన్ 1985

ప్రియమైన కూతురు ఎలిజబెత్‌కు, ఏసు మరియ జోజప్పలు నిన్ను చల్లగా చూడాలి.

నాకు వచ్చిన అక్షరాలు నాలుగే. అయినా ఈ మాట ఇంకొకరి చేత రాయించను. నువ్వు కల్పాక్కం కొలువులో చేరిన సంగతి నాకంటే ముందు పక్కచేను హనుమయ్యకు తెలిసింది. "ఏంది జ్ఞానయ్యా, నీ కూతురు ఆటంబాంబులు చేస్తందంటగా!" అని టీకొట్టు దగ్గర అందరిముందూ అడిగాడు. టీ గ్లాసు అక్కడే పెట్టేసి ఇంటికొచ్చాను. అది జరిగి ఏడేళ్ళయినా ఆ మంట ఆరలేదు. తండ్రికి చెప్పి పోవాలని తెలియదా?

సిస్టర్ల బడిలో సైన్సు టీచరమ్మ సెప్టెంబరులో వెళ్ళిపోతోంది. ఆ చోటుకి నువ్వు వస్తావని మదర్ గారికి మాటిచ్చేశాను. నా మాట తప్పిందని ఊళ్ళో ఇంతవరకు ఎవడూ అనలేదు. వచ్చెయ్.

నీ నాయన,
జ్ఞానయ్య


కల్పాక్కం,
5 జులై 1985

ప్రియమైన నాయనకు,

చెబితే పోనివ్వవని భయపడ్డాను. ఇక్కడ చేసేది బాంబులు కాదు నాయనా, కరెంటు కోసం రియాక్టరు. మాది చిన్నది, నేర్చుకోవడానికి. ఇలాంటివి పెద్దవి కడితే, కాల్చినదానికన్నా ఎక్కువ ఇంధనం అందులోనే పుడుతుంది. బయటి దేశం నుంచి వస్తుందనుకున్న ఇంధనం రాలేదు. మనవాళ్ళే కొత్తరకం తయారుచేశారు. ఒక్కో ఇంధనం కడ్డీని పరీక్షించి, మంచివి ఏరి పెట్టడం నా పని.

రియాక్టరు ఈ ఏడాది మొదలవుతుందంటున్నారు. ఎదురుచూసి చూసి అలిసిపోయాను. నీ మాట పోనివ్వను. ఆగస్టు ఆఖరుకు రాజీనామా చేసి వస్తాను.

నీ కూతురు,
ఎలిజబెత్


రెంటచింతల,
2 ఆగస్టు 1985

ప్రియమైన ఎలిజమ్మకు, నీ నాయన దీవెనలు.

నీ ఉత్తరం చూసి చానా సంబరపడి హనుమయ్యకు చదివి వినిపించాను. మిరపనారు పోసే అదను కదా, విత్తనం అడుక్కోవడానికి వచ్చాడు. మంచి కాయలు విత్తనానికి ఏరిందాకా మన కల్లంలో బస్తా కదలదు. అతను మాత్రం పోయినేడు లాగే కాయంతా అమ్ముకున్నాడు.

అంతా విని, "ఒరేయ్ జ్ఞానయ్యా, ఆ పిల్ల అక్కడ విత్తనం ఏరుతుందిరా. నారు పొయ్యకముందే లాక్కొస్తావా? అమ్ముకు తిన్న నేనే నీకన్నా నయం!" అన్నాడు.

"నోర్మూసుకుని ముందు గిన్నె పట్టు" అన్నాను.

విత్తనం పోసి పంపాను గానీ ఆ పూట అన్నం దిగలేదు. తెల్లారి మదర్ గారి దగ్గరికి పోయి, "మా అమ్మాయి రాదమ్మా, మాట తప్పుతున్నాను" అన్నాను. తలదించుకుని మాట్లాడటం నాకు అదే మొదలు.

"మరి పిల్లలకు సైన్సు ఎవరు చెబుతారు జ్ఞానయ్యా?" అని ఆమె అడిగింది.

"మీరే వెతుక్కోండి" అన్నాను. తలదించుకున్నా నోరు ఊరుకోదు కదా.

రాజీనామా కాగితం రాసి ఉంటే చించెయ్. చించానని నీ చేత్తో నాకు రాయి. పదిహేనో తేదీ మాత పండగ. ఆ లోపు జవాబు రాకపోతే పండగ పూటని కూడా చూడను, బస్సెక్కి వచ్చి మీ ఆఫీసు గేటు ముందు కూర్చుంటాను.

నీ నాయన,
జ్ఞానయ్య