చాపలో సగం

తిరుత్తణి

హెడ్మాస్టరుగారికి నమస్కరించి రాయడమేమంటే,

సర్కారు మాకు పెంచమని అప్పగించిన అభినయ చదువు కోసం బడికి అదనంగా వచ్చిన డబ్బుతో మీనాంబ టీచర్ వారానికోసారి మా ఇంటికొచ్చి తెలుగు నేర్పుతున్నారు. ఇకపై ఆమెను రోజూ పంపిస్తామని మీరన్నారు. మీ మేలు మరువను. కానీ రోజూ వద్దండీ.

పాప చాపలో సగం ఖాళీగా వదిలి కూర్చుంటుంది. తామరైపాక్కం దగ్గర ఏటి వరదలో పోయిన వాళ్ళమ్మ కన్నియమ్మ అక్కడ కూర్చుని తనతోపాటు నేర్చుకుంటోందట. మగ్గం మీదున్న మా ఆయన నవ్వారు. నేనూ నవ్వాను.

నిన్న ఊరికే అడిగాను, "మీ అమ్మకు ఏమొచ్చిందే?" అని.

"పేరు రాసేది నేర్చుకుంటా ఉండాది. 'క', 'న్ని' వచ్చేసినాయి. ఇంక 'య', 'మ్మ' రావాల. పేరంతా వచ్చినాక నన్ను పిల్చుకోని పోతాదంట."

"యాడికే?"

"ఏటికాడికి."

ఆ సాయంత్రం చాప చుట్టబోయి, ఆ సగాన్ని ముట్టుకోలేక అలాగే వదిలేశాను.

అభినయ చదువుకోవాలనే నా ఆశ. టీచరుగారిని ఎప్పటిలా వారానికోసారి రమ్మనండి. 'య' మాత్రం ఇప్పుడే నేర్పొద్దని చెప్పండి. అది లేకపోతే పాప తన పేరు కూడా పూర్తిగా రాయలేదని నాకు తెలుసు.

ఇట్లు,
అభినయను పెంచుకుంటున్న తల్లి